దాతకు పరీక్షలు సరే, బిడ్డ సంగతి?

(ఆకాశవాణి మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఆమధ్య మన కార్యక్రమానికి ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడ పేరుగాని ఊరుగాని చెప్పను. ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారిలో, అడవి మొదలయ్యే చోట ఒక ఊరు అనుకోండి, చాలు. ఆవిడకు ఒక్కతే కూతురు, ఏడేళ్లది. పిల్ల కొంతకాలంగా పాలిపోయి ఉంటోంది, తోటిపిల్లలతో ఆడితే ముందు తనే అలిసిపోతోంది. ఐరన్ టానిక్కు ఆరు నెలలు పోశారు. రక్తం పెరగలేదు. ఖమ్మం తీసుకొచ్చి పిల్లల డాక్టరుకు చూపించారు. ఆయన కంటిరెప్ప కిందికి లాగి చూసి, రక్తపరీక్షకు చీటీ రాస్తూ, ఎవరినైనా అడిగే ప్రశ్నే అడిగారు: "మీ పుట్టింటి వైపు గాని, అత్తింటి వైపు గాని ఎవరికైనా రక్తం తక్కువ జబ్బు ఉందా అమ్మా?"

ఆవిడ భర్త ముఖం చూసింది. భర్త నేల చూశాడు. ఎందుకంటే ఆ పిల్ల ఆవిడ కడుపున పుట్టిందేగాని ఆవిడ అండంతో పుట్టింది కాదు. పెళ్లయిన పదకొండేళ్లకు, హైదరాబాదులో, ఎవరో ముక్కూ ముఖం తెలియని అమ్మాయి ఇచ్చిన అండంతో ఆ కాన్పు నిలిచింది. ఈ సంగతి ఆలుమగలిద్దరికీ తప్ప ఇంట్లో మూడోవాళ్లకు తెలియదు. ఆ రోజు పక్క కుర్చీలో అత్తగారు కూర్చుని ఉన్నారు. "మా వైపు ఎవరికీ లేదండీ" అని చెప్పి వచ్చేసిందట.

"నేను చెప్పింది అబద్ధం గాదు, నిజమూ గాదు. నా బిడ్డ ఒంట్లో ఎవరి రక్తం ఉందో అడిగే హక్కు నాకుందా అమ్మా? రేపు పెద్దదయ్యాక దానికుంటదా?" అని ఉత్తరం చివర రాసింది.

నేను మెట్రిక్ దాకా చదివినదాన్ని. ఈ ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పగల తాహతు నాకు లేదు. ప్లీడరుగా ఉన్న మా మరిదిచేత చట్టం ప్రతి తెప్పించుకుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక రోజుకు రెండు పేజీల చొప్పున చదివాను. అది చదివాక దాని ముందు సంగతులు, వాటి ముందు సంగతులు కావలసివచ్చాయి. అలా వెనక్కి వెళ్లేకొద్దీ ఒకటి తెలిసింది. దాతను పరీక్షించాలన్న ఆలోచన ఒక్క రోజున పుట్టింది కాదు. ఎక్కడో ఎవరికో నష్టం జరిగాక, దాని వెనకాల ఒక్కొక్క పరీక్ష వచ్చి చేరింది. బిడ్డ వంతు అందరికన్నా ఆఖరున వచ్చింది. ఆ కథే ఇవాళ మీకు చెప్పబోతున్నాను.

పరాయి బీజంతో సంతానం అనగానే మనలో కొందరు ముక్కు మీద వేలు వేసుకుంటారు. భారతం ఇంటింటా విన్నవాళ్లం, వేసుకోవలసిన పని లేదు. విచిత్రవీర్యుడు సంతానం లేకుండా పోతే సత్యవతి వ్యాసుణ్ణి పిలిపించింది. అంబిక కళ్లు మూసుకుంది కనుక కొడుకు గుడ్డివాడయ్యాడట, అంబాలిక తెల్లబోయింది కనుక పాండురాజు పాలిపోయి పుట్టాడట. బిడ్డకు ఏ లోపం వచ్చినా నేరం ఆడదాని మీదికే నెట్టడం అప్పటినుంచీ ఉన్నదే, చూశారా! అయినా ఒకటి మెచ్చుకోవాలి. ఆ పిల్లల పుట్టుక అందరికీ తెలుసు, వాళ్లకూ తెలుసు. అలాంటి కొడుకుకు క్షేత్రజుడని పేరు పెట్టి ధర్మశాస్త్రాలు లెక్కలోకి తీసుకున్నాయి. తెలియకుండా పెరిగినవాడు కర్ణుడు. అతనికి తెలిసేసరికి యుద్ధం గుమ్మంలోకి వచ్చింది.

ఇక డాక్టర్ల చేతి మీదుగా జరిగిన కథకు వద్దాం. అమెరికాలో ఫిలడెల్ఫియా అనే పట్నం. అక్కడి జెఫర్సన్ వైద్య కళాశాల ఆచార్యుడు విలియం పాన్‌కోస్ట్ దగ్గరికి 1884లో ఒక ధనవంతుడైన వర్తకుడూ అతని భార్యా పిల్లలు లేరని వచ్చారు. పరీక్షలన్నీ ముందు భార్యకే చేశారు. ఇది మనకు కొత్తేమీ కాదు లెండి. ఆమెలో లోపం కనబడలేదు. అప్పుడు భర్తను చూస్తే, వయసులో ఉండగా తగిలిన సుఖరోగం వల్ల ఆయన వీర్యంలో జీవకణాలే లేవు. మందులు పనిచెయ్యలేదు. చివరికి ఆచార్యులవారు ఇంకో పరీక్ష ఉందని చెప్పి ఆమెను పిలిపించి, క్లోరోఫారం ఇచ్చి పడుకోబెట్టి, తన ఆరుగురు విద్యార్థుల ఎదుట పరాయి వీర్యం గర్భసంచిలోకి ఎక్కించారు. ఎవరిదయ్యా ఆ వీర్యం అంటే, ఆ క్లాసులో అందరికన్నా అందగాడిది!

ఆమెకు చెప్పలేదు. భర్తకు తరవాత చెప్పారు. ఆయన కోప్పడకపోగా సంతోషించి, నా భార్యకు మాత్రం ఎన్నటికీ తెలియనివ్వకండి అన్నాడట. మగపిల్లవాడు పుట్టాడు. ఆనాటి విద్యార్థుల్లో ఒకడైన ఆడిసన్ డేవిస్ హార్డ్ 1909లో ఒక వైద్య పత్రికకు రాసేదాకా సంగతి బయటికి పొక్కలేదు. అప్పటికి ఆ పిల్లవాడు 25 ఏళ్ల యువకుడు. వెళ్లి అతనితో చెయ్యి కలిపి వచ్చానని కూడా హార్డ్ రాసుకున్నాడు.

ఈ కథ చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. దాతకు చేసిన పరీక్ష ఏమిటి? ముఖం బాగుందా లేదా అన్నది ఒక్కటే. తల్లిని అడిగిందేమిటి? ఏమీ లేదు. బిడ్డకు చెప్పిందేమిటి? ఏమీ లేదు. అతని చెయ్యి పట్టుకున్న మనిషికి తెలుసు, అతనికి తెలియదు. ఆ తరవాత ఎన్నో దశాబ్దాలు ఈ వైద్యం ఇంచుమించు ఇదే పద్ధతిలో నడిచింది. వైద్య విద్యార్థులు దాతలు, డాక్టరుగారి మాట మీద నమ్మకం, ఆలుమగలకు "ఇంటికెళ్లి మరిచిపోండి" అని సలహా.

మరిచిపోనివ్వనిది ఎయిడ్సు. 1985లో ఆస్ట్రేలియా డాక్టర్లు ఒక సంగతి ప్రకటించారు. పైకి ఏ జబ్బూ కనబడని ఒక దాత వీర్యం ఎనిమిది మంది స్త్రీలకు ఎక్కించారు; వాళ్లలో నలుగురికి హెచ్.ఐ.వి. సోకింది. పిల్లలకోసం ఆస్పత్రి గడప ఎక్కిన ఇల్లాళ్లు, ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. అప్పుడొచ్చింది ఆరు నెలల నియమం. వీర్యాన్ని గడ్డకట్టించి ఆరు నెలలు ఆపాలి, ఆ తరవాత దాతను మళ్లీ పిలిచి రక్తం పరీక్షించాలి, అప్పటికీ లేదని తేలితేనే వాడాలి. ఎందుకంటే హెచ్.ఐ.వి. ఒంట్లోకి వచ్చిన కొత్తలో పరీక్షకు దొరకదు. ఇవాళ లేదన్న కాగితం రేపటికి చెల్లదు.

రక్తం సంగతిలో మనం ఈ పాఠం నేర్చుకున్నాం. ఒకప్పుడు ఆస్పత్రుల బయట రక్తం అమ్ముకునేవాళ్లు వరసగా కూర్చునేవారని పెద్దవాళ్లు చెబితే వినే ఉంటారు. కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 జనవరి 4న తీర్పు చెప్పాక, 1998 జనవరి 1 నుంచి డబ్బుకు రక్తం అమ్మడం నిషిద్ధమైంది. ఆకలికోసం ఇచ్చేవాడు తన జబ్బు దాచిపెడతాడన్నది అందులోని న్యాయం. వీర్యానికి, అండానికి అదే న్యాయం వర్తిస్తుంది కదా. కాని ఆ వైపు మన చట్టం చూపు పడటానికి ఇంకా ఇరవై ఏళ్ల పైన పట్టింది.

ఈలోగా మన దేశంలో టెస్టుట్యూబు బేబీలు రానేవచ్చారు. ఇంగ్లండులో 1978 జూలై 25న లూయీ బ్రౌన్ పుడితే, అదే ఏడు అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ చేతి మీదుగా మన బిడ్డ పుట్టింది. ఆయనను అప్పట్లో ఎవరూ నమ్మలేదు. 1981లో ప్రాణం తీసుకున్నాడు. 1986 ఆగస్టు 6న బొంబాయిలో డాక్టర్ ఇందిరా హిందుజా చేసిన కాన్పు తరవాత ఊరూరా ఆస్పత్రులు వెలిశాయి. మొదట ఆలుమగల సొంత అండం, సొంత వీర్యమే. తరవాత దాతలు వచ్చారు, అద్దె గర్భాలు వచ్చాయి. చట్టం మాత్రం రాలేదు.

చట్టం లేకపోతే బిడ్డ ఏమవుతుందో చూపించిన కథ ఒకటి 2008లో గుజరాత్‌లోని ఆనంద్‌లో జరిగింది. జపానునుంచి వచ్చిన ఆలుమగలు, వీర్యం భర్తది, అండం పేరు తెలియని దాతది, మోసిన తల్లి మన దేశపు స్త్రీ. బిడ్డ భూమ్మీద పడకముందే ఆలుమగలు విడాకులు తీసుకున్నారు. భార్య నాకు సంబంధం లేదంది. అండం ఇచ్చినామెకు మొదటే సంబంధం లేదు. మోసినామె పని కాన్పుతో అయిపోయింది. ముగ్గురు తల్లులుండీ తల్లి లేని పిల్ల అయిపోయింది. మంజి అని పేరు. పాస్‌పోర్టు ఇవ్వాలంటే తల్లి ఎవరో రాయాలి, ఎవరిని రాస్తారు? జపానునుంచి ముసలి నాయనమ్మ పరుగెత్తుకొచ్చి సుప్రీంకోర్టు దాకా తిరిగితే, ఆ ఏడు సెప్టెంబరులో కోర్టు మాట చెప్పాక, ఏదో గుర్తింపు కాగితంతో పిల్లను తీసుకుపోయింది. ఆ ముసలావిడకు దణ్ణం పెట్టాలి.

చట్టం లేదన్నానుగాని సలహాలు లేకపోలేదు. భారత వైద్య పరిశోధనా మండలి 2005లో మార్గదర్శకాలు వెలువరించింది. దాతకు హెచ్.ఐ.వి., రెండు రకాల కామెర్లు, రక్తపోటు, మధుమేహం, సుఖరోగాలు ఉండకూడదు. తలసేమియా వంటి వంశపారంపర్య జబ్బులు ఉండకూడదు అని అందులో రాశారు. తలసేమియా పేరు అక్కడ కనబడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. ఇంకో మాట కూడా ఉంది. దాతల వల్ల పుట్టిన పిల్లలకు, వాళ్లను పెంచే తల్లిదండ్రులకు, బిడ్డ ఆరోగ్యానికి అవసరమైనంత మేరకు దాత వైద్య వివరాలు తెలుసుకునే హక్కు ఉందని. మంచి మాటలే. కాని మార్గదర్శకం అంటే అత్తగారి సలహా లాంటిది. వింటే విన్నట్టు, వినకపోతే అడిగేవాళ్లు లేరు.

2010లో చట్టానికి ముసాయిదా తయారుచేశారు. అందులో బిడ్డ హక్కు మీద ప్రత్యేకంగా ఒక సెక్షను ఉంది. పద్దెనిమిదేళ్లు నిండిన బిడ్డ, దాత ఎవరో గుర్తుపట్టే వివరాలు మినహాయించి, మిగతా సంగతులు అడగవచ్చు. మైనరు బిడ్డ క్షేమానికి అవసరమైతే సంరక్షకులు అడగవచ్చు. ప్రాణాపాయమైన జబ్బు వచ్చి దాత రక్తమో కణాలో పరీక్షించవలసివస్తే, దాత ఒప్పుకుంటే, ఎవరో కూడా చెప్పవచ్చు. మన ఉత్తరం రాసినావిడ ప్రశ్నకు అక్షరం అక్షరం జవాబు ఇది! ఆ ముసాయిదా మాత్రం పార్లమెంటు గడప దాటలేదు.

తరవాత మన ఇంటి ముంగిట్లోనే ఒక సంగతి జరిగింది, మీకందరికీ గుర్తుండే ఉంటుంది. 2019 సెప్టెంబరు 5న గుంటూరులో, తూర్పు గోదావరి జిల్లానుంచి వచ్చిన 74 ఏళ్ల పెద్దావిడకు కవల ఆడపిల్లలు పుట్టారు. దాత అండం, భర్త వీర్యం, ఆపరేషను కాన్పు. భర్తకు ఎనభై దాటాయి. పేపర్లన్నీ ఫొటోలు వేశాయి. గొడ్రాలన్న మాట యాభై ఏళ్లు పడ్డ ఆవిడ సంతోషాన్ని నేను తప్పుపట్టను. ఆ మాట అనిపించుకున్న మన ఆడవాళ్లకే తెలుస్తుంది ఆ నొప్పి. కాని ఆ పూట మా ఇంట్లో కాఫీలు తాగుతూ పేపరు చదువుతున్నవాళ్లలో మా పనమ్మాయి ఒక్కతే సరైన మాట అంది: "మరి ఆ పిల్లల్ని ఎవరు సాకుతరమ్మా?" ఈ వైద్యానికి వయసు హద్దు అప్పటికి ఏ చట్టంలోనూ లేదు.

చివరికి 2021 డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసింది. 42వ నంబరు చట్టం. 2022 జనవరి 25న అమలులోకి వచ్చింది. ఈ చికిత్సకు స్త్రీకి 50, పురుషుడికి 55 దాటకూడదు. అండదాత 23 నుంచి 35 ఏళ్ల లోపు ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు, ఆమె పేర పిల్లలు కోరుకునేవాళ్లే ఇన్సూరెన్సు కట్టాలి. దాతలను వెతికి పరీక్షించవలసినది రిజిస్టరయిన బ్యాంకే, ఆస్పత్రి తనంత తాను తెచ్చుకోకూడదు. ఒక దాతది ఒక్క జంటకే ఇవ్వాలి. బిడ్డ విషయంలో, పుట్టిన బిడ్డ అన్నివిధాలా ఆ ఆలుమగల సొంతబిడ్డే, సొంతబిడ్డకుండే ప్రతి హక్కూ ఉంటుంది, దాతకు హక్కూ లేదు, బాధ్యతా లేదు అని స్పష్టంగా రాశారు. అంటే రేపు ఆస్తి పంపకాల్లో "ఇది మా రక్తం కాదు" అని ఏ పెదనాన్నగారూ అనడానికి లేదు. బిడ్డను వదిలేస్తే, కాదంటే, మొదటిసారి ఐదు నుంచి పది లక్షల జరిమానా, మళ్లీ చేస్తే జైలు. మంజి కథ మళ్లీ జరగకుండా వేసిన కట్టు ఇది. ఇంతవరకూ చేతులెత్తి నమస్కరించవలసిన చట్టమే.

ఇప్పుడు పరీక్షల దగ్గరికి రండి. చట్టం కింద 2022లో వచ్చిన నియమాలు దాతకు నాలుగు జబ్బుల పరీక్ష పేరుపెట్టి చెప్పాయి. హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, వి.డి.ఆర్.ఎల్. పద్ధతిలో సవాయి రోగం. నాలుగూ అంటుకునే జబ్బులే. వీటిలో ఏది వచ్చినా ముందు తల్లికి వస్తుంది, ఆస్పత్రి మీద కేసు పడుతుంది. కనుక వీటి మీద అందరికీ శ్రద్ధ ఉంది. తల్లికి ఏమీ కాకుండా నేరుగా బిడ్డలోకి దిగే జబ్బుల మాటేమిటి? ఆ నాలుగింటిలో వాటి పేరు లేదు. మంచి కేంద్రాలు అవి కూడా చేయిస్తాయి, ఆ మాటకు అడ్డు లేదు. చేయించనివాళ్లను మనం అడగాలని కూడా మనలో చాలామందికి తెలియదు.

మన ఖమ్మం వాళ్లకు ఇది పుస్తకంలో సంగతి కాదు. నెలకోసారి, కొందరికి పదిహేను రోజులకోసారి, రక్తం ఎక్కించుకోవడానికి తండాలనుంచి తల్లులు చంకన వేసుకుని తెచ్చే తలసేమియా పిల్లల్ని చూడనివాళ్లు ఈ పట్నంలో తక్కువ. భద్రాచలం ఏజెన్సీలో సికిల్ సెల్ ఉంది, రక్తకణం గుండ్రంగా ఉండక కొడవలిలా వంగిపోయే జబ్బు. ఇవి ఏ కులానికీ, ఏ తెగకూ తలవంపు కాదు. ఏజెన్సీ అంటే చలిజ్వరం అనుకునే రోజులుండేవి కదా. సికిల్ లక్షణం ఒక పాలు మాత్రమే ఉన్నవాళ్లను మలేరియా అంతగా చంపలేకపోయింది. అందుకే మలేరియా ఉన్న నేలల్లో ఆ లక్షణం తరతరాలుగా నిలిచిపోయింది. తలసేమియా కథా అంతే. మన దేశంలో సికిల్ సెల్‌ను మొదట 1952లో నీలగిరి కొండల్లో కనిపెట్టారు.

దీని లెక్క సులువే, పప్పు కొలిచినంత సులువు. తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు బిడ్డకు వస్తాయి. ఒక పాలు చెడ్డదై రెండోది మంచిదైతే మనిషికి జబ్బు ఉండదు, మోసుకు తిరుగుతాడు అంతే, తనకే తెలియదు. అలా మోసేవాళ్లు ఇద్దరు కలిస్తే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం, బిడ్డకు అసలు జబ్బే వస్తుంది. ఇద్దరిలో ఒక్కరు నిక్షేపంగా ఉన్నా బిడ్డకు జబ్బు రాదు. కనుక దాతకూ, రెండోవైపు భర్తకో భార్యకో, ఒక్క రక్తపరీక్ష చేయిస్తే తేలిపోయే సంగతి. హెచ్.పి.ఎల్.సి. అంటారు. ప్రభుత్వం 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టి, నలభై ఏళ్ల లోపు వాళ్లు ఏడు కోట్ల మందిని పరీక్షించాలని సంకల్పించింది. అడవిలో కోయ పిల్లవాడి గుడిసె ముందుకు వెళ్లి చేసే పరీక్షను, పట్నంలో ఎ.సి. గదిలో కూర్చున్న దాతకు పేరుపెట్టి రాయకపోవడం నాకు మింగుడుపడలేదు.

ఎన్ని పరీక్షలు చేసినా పట్టుబడనివి కూడా ఉంటాయి. యూరపులో ఒక వీర్యదాత ఆరోగ్యవంతుడే, అప్పటి పరీక్షలన్నీ నెగ్గాడు. అతని వల్ల 2008కీ 2015కీ మధ్య పుట్టిన 67 మంది పిల్లల్లో పదిమందికి క్యాన్సరు వచ్చిందని 2025 మే నెలలో డాక్టర్ల సభలో చెప్పారు. క్యాన్సరు తెచ్చే ఒక లక్షణం అతని వీర్యకణాలు కొన్నిటిలో ఉంది. దానం నాడు ఎవరికీ కనబడలేదు. ఒక దాతది ఒక్క జంటకే అన్న మన నియమం ఎంత మంచిదో ఇక్కడ తెలుస్తుంది. ఇంకొకటి కూడా తెలుస్తుంది. పరీక్ష ఒక్క పూట పని, బిడ్డది నూరేళ్ల బతుకు. దాతకు పదేళ్ల తరవాత ఏదైనా బయటపడితే ఆ కబురు బిడ్డకు చేరే దారి తెరిచి ఉండాలి. స్వీడన్ దేశం 1985 మార్చి నుంచే బిడ్డ పెద్దయ్యాక దాత ఎవరో తెలుసుకోవచ్చని చట్టం పెట్టింది. ఇంగ్లండులో 2005 ఏప్రిల్ తరవాత దానమిచ్చినవాళ్ల పేరు, పద్దెనిమిదేళ్లు నిండిన బిడ్డ అడిగితే చెబుతారు.

మన 2021 చట్టంలో ఆ దారికోసం నేను మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా రెండుసార్లు వెతికాను. బ్యాంకు దాత పేరు, ఆధార్ నంబరు, చిరునామా అన్నీ తీసుకోవాలని ఉంది. రికార్డులు పదేళ్లు భద్రపరిచి, తరవాత జాతీయ రిజిస్ట్రీకి పంపాలని ఉంది. అంటే కాగితం ఉంటుంది. ఆ కాగితం చూపించమని బిడ్డ అడగవచ్చన్న మాట మాత్రం లేదు. 2010 ముసాయిదాలో ఉన్న ఆ సెక్షను దారిలో ఎక్కడో జారిపోయింది. దాతల పేర్లు బయటపడితే దాతలే ముందుకు రారని అంటారు. అందులో నిజం లేకపోలేదు. కాని పేరు వద్దు, జబ్బు సంగతి చెప్పండి అంటే దాతకు పోయేదేముంది? భద్రాచలంలో రాములవారి కల్యాణమైనా, మన ఇంట్లో పిల్ల పెళ్లయినా, మూడు తరాల పేర్లు చెప్పి ప్రవర చదివిస్తాం. పేర్లకు అంత విలువ ఇచ్చే మనం రక్తంలో ఉన్నదేమిటో ఒక ముక్క రాసి ఇవ్వడానికి వెనకాడుతున్నాం.

2025 జూలైలో సికింద్రాబాదు కేసు వచ్చినప్పుడు నాకు ఇదే గుర్తుకొచ్చింది. ఒక సంతాన కేంద్రంలో దాదాపు 35 లక్షలు పోసి, అద్దె గర్భంలో మీ బిడ్డే పుట్టిందంటే నమ్మి, రాజస్థాన్ జంట పసిగుడ్డును ఇంటికి తీసుకుపోయారు. అనుమానం వచ్చి డి.ఎన్.ఎ. పరీక్ష చేయిస్తే ఆ బిడ్డకూ వీళ్లకూ రక్తసంబంధమే లేదు. అస్సాంనుంచి వచ్చిన పేదజంట దగ్గర కొన్న బిడ్డ అని పోలీసులు చెప్పారు. అదే రోజుల్లో, అదే ఊళ్లో, అనుమతి లేకుండా వీర్యం సేకరిస్తున్న చోటు ఒకటి కూడా బయటపడింది. ఎవరు నేరం చేశారో తేల్చవలసింది కోర్టు, మనం కాదు. ఆలుమగలకు జరిగిన మోసం గురించి పేపర్లు పేజీలు నింపాయి. బిడ్డను శిశువిహార్‌కు పంపించారని చివర ఒక్క వాక్యం రాశాయి.

సరే, ఉత్తరం రాసినావిడ సంగతి చెప్పి ముగిస్తాను. నేను ఆవిడకు మూడు మాటలు రాశాను. ఒకటి, ఈసారి అత్తగారు లేకుండా భార్యాభర్తలిద్దరే డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఉన్నమాట చెప్పండి, ఆయన కడుపులో దాచుకుంటారు. రెండు, పిల్లకూ మీవారికీ ఆ పరీక్ష చేయించండి. మూడు, మీ అమ్మాయి పుట్టింది ఈ చట్టానికి ముందు, కనుక చట్టం పేరు చెప్పి గట్టిగా అడగలేం; 2005 మార్గదర్శకాల పేరు చెప్పి, దాత పేరు వద్దు, రక్తపరీక్షల కాగితం నకలు ఇవ్వండి చాలు అని ఆస్పత్రిని రాతపూర్వకంగా అడగండి.

రెండు నెలలకు మళ్లీ ఉత్తరం వచ్చింది. పిల్లకు జబ్బు లేదు, తలసేమియా లక్షణం ఒక పాలు ఉంది, అందుకే ఐరన్ ఎంత పోసినా రక్తం ఎక్కలేదు. టానిక్కు ఆపేశారు. పెళ్లినాటికి మాత్రం అవతలి అబ్బాయికి పరీక్ష చేయించాలని డాక్టరు చెప్పారు. భర్త రిపోర్టులో ఏ దోషమూ లేదు. అంటే అది అండం ఇచ్చిన అమ్మాయి నుంచి వచ్చింది.

"ఆ అమ్మాయికి తన ఒంట్లో ఇది ఉందని తెలుసో లేదో. ఆమెకూ పిల్లలు ఉండి ఉంటరు, లేదంటే పుడతరు. ఒక్క ముక్క చెప్పి పంపుదామని మా ఆయన హైదరాబాదు పోయిండు. ఆస్పత్రి ఉన్న మేడలో ఇప్పుడు చీరల కొట్టు పెట్టిన్రట. పాత కాగితాలు ఎటు పోయినయో వాళ్లెవరికీ తెల్వదన్నరు."